ఒక్కసారికి ఒక్కటే మార్చాలన్న మా బావ

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉన్నాను. ఇంట్లోంచే పని కాబట్టి మీటింగ్ అంటే వంటింటి బల్ల ముందు ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చోవడమే. పొద్దున్నే అక్క ఫోన్ చేయదు. అందుకే మాట్లాడుతున్నవాళ్లని మధ్యలో వదిలేసి ఎత్తాను. ఆమె ఏడవలేదు. కొత్త ఆఫీస్ పార్కింగ్‌లో, కార్లోనే, అని చెప్పింది. లోపలికి వెళ్లేముందు సీటు కొంచెం వెనక్కి వాల్చుకున్నాడట. ఇంజన్ ఆపలేదు, హీటర్ నడుస్తూనే ఉంది. పక్కన కారు పెట్టుకున్నవాళ్లు కునుకు తీస్తున్నాడనుకుని వెళ్లిపోయారట. ఆ ఉద్యోగంలో చేరి అప్పటికి రెండో వారం.

"నువ్వు రా. నేను డ్రైవ్ చేయలేను" అంది.

వెళ్లాను. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో మేముండే ట్రాయ్‌లో ఆ రోజు రోడ్ల నిండా కరగని మంచు. అక్కని ఎక్కించుకుని ఆస్పత్రికి బయల్దేరాను. దారంతా బావని మనసులో తిడుతూనే ఉన్నాను. ఆ తిట్లు ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. చదివేవాళ్లు మన్నించాలి.

అక్క పెళ్లినాటికి నేను ఇంకా స్కూల్లో చదువుతున్నాను. మాది గుంటూరు వైపు, ఆయనది వరంగల్ వైపు. మరదలిని కదా అని మొదటి రోజు నుంచే ఏడిపించడం మొదలుపెట్టాను. మీరు, గారు ఏమీ లేవు, నువ్వు అనే పిలిచేదాన్ని. మా అమ్మ కళ్లెర్రజేస్తే, "పిలవనియ్యుండ్రి అత్తమ్మా, గంత చనువు లేకుంటె మరదలెట్లయితది" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు జీవితాంతానికి లైసెన్స్ దొరికింది. తర్వాత ఉద్యోగం వచ్చి నేనూ మిషిగన్‌కే చేరినప్పుడు, అక్క వాళ్ల ఇంటికి దగ్గర్లో అపార్ట్‌మెంట్ వెతికిపెట్టింది ఆయనే. తాళాలు చేతికిచ్చే ముందు ప్రతి కుళాయి తిప్పి చూశాడు, ప్రతి స్విచ్ నొక్కి చూశాడు. నేను నవ్వుతుంటే, చేరినంక ఏడవకుంట ఉంటానికి అన్నాడు.

ఆయన చేసే పని అదే, పరీక్షించడం. ఈ రోజుల్లో కార్లలో బ్రేకులకీ, స్టీరింగ్‌కీ, తలుపులకీ చిన్న చిన్న కంప్యూటర్లు ఉంటాయి. అవి మిషిగన్ జనవరిలోనూ ఎడారి ఎండలోనూ ఒకేలా పనిచేస్తాయా లేదా అని ముందే చూడాలి. బీరువా అంత చాంబర్‌లో పెట్టి వేడెక్కిస్తారు, గడ్డకట్టిస్తారు, మళ్లీ వేడెక్కిస్తారు. ఏదైనా చెడిపోతే ఎందుకు చెడిందో కనిపెట్టాలి. అలా కనిపెట్టాలంటే ఒక్కటే దారి అని ఆయన నమ్మకం. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మార్చావా, పని బాగుపడినా చెడినా కారణం నీకు తెలియదు. అది తెలియకపోతే నువ్వు చేసింది పని కాదు, జూదం.

ఇంట్లో కూడా అంతే. ఆదివారం వంట ఆయనది. ఒకసారి సాంబారు ఎందుకో కుదరలేదు. మరుసటి ఆదివారం మెంతులు మాత్రం తగ్గించాడు. ఆ పై ఆదివారం మెంతులు అలాగే ఉంచి చింతపండు మార్చాడు. ఇంకో వారం పప్పు ఉడికే సమయం. మేమంతా ప్లేట్లు పట్టుకుని కూర్చుని, ఈ వారం మార్పేమిటి సార్ అని అడిగేవాళ్లం. ఈ సాంబారు కుదిరేలోపు నాకు మనవలు పుడతారని అక్క విసుక్కునేది. కుదిరింది చివరికి. కుదిరాక ఇంకెప్పుడూ చెడలేదు, అది కూడా చెప్పాలి.

నాకు ఆయన్ని నిజంగా తెలిసింది మాత్రం నా కంప్యూటర్ దగ్గర.

ఇక్కడి మన తెలుగు అసోసియేషన్ ఉగాది కార్యక్రమానికి వీడియోలు ఎడిట్ చేసేది నేను. నలభైమంది పిల్లలు డాన్స్ చేస్తే నలభైమంది తల్లులకీ తమ పిల్ల మధ్యలో కనబడాలి. అన్నీ కుట్టి చివరి వీడియో తయారుచేయమంటే నా కంప్యూటర్ రోజంతా రొప్పేది. కొత్తది కొంటానని అక్క వాళ్లింట్లో అన్నాను. కొత్తదెందుకు, దీంట్ల ఇంక దమ్మున్నది, అడిగి చూద్దాం అన్నాడు బావ.

అడగడం అంటే ఓవర్‌క్లాకింగ్. ప్రాసెసర్‌కి గానీ మెమొరీకి గానీ తయారుచేసినవాళ్లు ఇంత వేగం అని ఒక గ్యారంటీ ఇస్తారు. అసలు సత్తా దానికంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. ఎంత ఎక్కువ అన్నది ఒక్కో చిప్‌కి ఒక్కోలా ఉంటుంది. ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ అది ఎక్కడ తడబడుతుందో చూసి, అక్కడ ఆగాలి. నేను పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ చేయలేదు. సాఫ్ట్‌వేర్ రాసి బతికేదాన్నే గానీ కంప్యూటర్ మూత విప్పాలంటే నాకు భయం.

ఒక శనివారం పొద్దున వాళ్ల బేస్‌మెంట్‌లో మొదలుపెట్టాం. ఖాళీ సూట్‌కేసులు, బియ్యం బస్తాలు, మధ్యలో క్యారమ్స్ ఆడే బల్ల, దాని మీద నా కంప్యూటర్ మూత తీసి. బావ స్వెటర్ జేబుల్లో రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి నీది, నోరు నాది అన్నాడు. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పాత పేస్ట్ తుడిపించాడు, కొత్తది శనగగింజంత పెట్టించాడు. వేడిని బయటికి లాగేది అదే. నేను ధారాళంగా పిండబోతే, అది ఇడ్లీ మీద నెయ్యి కాదు అన్నాడు.

ఇక వేగం పెంచుదామా అంటే ఆగమన్నాడు. ఏమీ మార్చకుండా ముందు ఉన్నది ఉన్నట్టు నడిపించాడు. ఎంత వేడెక్కుతోంది, ఎంత సేపు పడుతోంది, అంతా చూశాడు. "ఇప్పుడెట్లున్నదో తెల్వకుంట మారిస్తే, ఏం మారిందని చెప్తవ్?" అన్నాడు.

తర్వాత విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లి ప్రాసెసర్ వేగం ఒక్క మెట్టు. మళ్లీ స్టార్ట్. బరువైన పరీక్ష ఒకటి పెట్టి, వేడి చూడటం. ఇంకో మెట్టు. మళ్లీ స్టార్ట్. నిజం చెప్పాలంటే నాకు విసుగొచ్చింది. ఆయన టీ పెడతానని పైకి వెళ్లగానే నేను ప్రాసెసర్‌ని ఒక్కసారే నాలుగు మెట్లు ఎక్కించి, పనిలో పని మెమొరీ వేగం కూడా పెంచి బటన్ నొక్కాను. తెర నల్లగా ఉండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ మాత్రం రాదు.

బావ రెండు స్టీలు గ్లాసులతో మెట్లు దిగి, నా మొహం చూసి, తెర చూసి, గ్లాసులు బల్ల మీద పెట్టాడు. నేను స్విచ్ ఆపబోతే ఆపొద్దన్నాడు. మెమొరీ మారినప్పుడు కంప్యూటర్ ముందు తనలో తాను సర్దుకుంటుందట, అప్పటిదాకా తెర నల్లగానే ఉంటుందట. మధ్యలో కరెంటు తీస్తే మొదటికే మోసం. టీ తాగుతూ కూర్చున్నాం. ఆయన అసోసియేషన్ కబుర్లు అడిగాడు. టీ అయిపోయింది, తెర మాత్రం వెలగలేదు.

"ఇప్పుడు చెప్పు. ప్రాసెసర్ అలిగిందా, మెమొరీ అలిగిందా?"

తెలియదన్నాను.

"నాకు కూడ తెల్వది. అదే బాధ" అన్నాడు.

జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి నా చేతికిచ్చాడు. లోపలి భాగాలన్నీ బిగించి ఉండే మదర్‌బోర్డ్ మీద పక్కపక్కనే రెండు చిన్న పిన్నులు చూపించాడు. కరెంటు తీసేసి వాటిని రెంటినీ కలిపి కాసేపు తాకిస్తే పెట్టిన సెట్టింగులన్నీ చెరిగిపోయి, కంప్యూటర్ కొన్ననాటి స్థితికి వస్తుంది. అలాగే వచ్చింది. పొద్దుటి నుంచి ఎక్కిన మెట్లన్నీ గంగలో కలిశాయి. నేను బిక్కమొహం వేస్తే, పోతే పోనీ, మల్ల ఎక్కుదాం, ఈసారి ఒక్కసారికి ఒక్కటే అన్నాడు. ఆయన నన్ను కోప్పడి ఉంటే ఆ పాఠం నేను మర్చిపోయి ఉండేదాన్ని.

ముందు ప్రాసెసర్ ముగించాం, తర్వాతే మెమొరీని ముట్టుకున్నాం. అనుకున్న వేగంలో విండోస్ వచ్చినప్పుడు నేను చప్పట్లు కొట్టాను. లేచి కూసున్నది, అంతే, ఇంక బరువు మొయ్యాలె అన్నాడు. ఆదివారమంతా మెమొరీ పరీక్ష నడిపించాడు. సాయంత్రానికి, ఇక అయిపోవస్తోందనగా, ఒక్కటంటే ఒక్క ఎర్రర్ వచ్చింది, ఎర్ర గీతలా. ఇంతసేపట్లో ఒక్కటే కదా, పోనిద్దూ అన్నాను. అప్పుడు మాత్రం ఆయన మొహంలో నవ్వు పోయింది.

"అమ్మా, బ్రేకు తొక్కినప్పుడు గదొక్కటి వస్తే?"

ఒక మెట్టు కిందికి దించాం. మళ్లీ పరీక్ష పెట్టాం, ఈసారి శుభ్రంగా దాటింది. నా కంప్యూటర్ ఇప్పటికీ ఆ వేగంతోనే, ఒక్క రోజు కూడా మొరాయించకుండా నడుస్తోంది. ఆ తర్వాత నా ఉద్యోగంలో కూడా నా పద్ధతి మారింది. ఏదైనా ప్రోగ్రామ్ పాడైతే అందరూ తలో చెయ్యీ వేసి పది మార్పులు చేస్తుంటే, ఆపి, ఒక్కొక్కటే చూద్దాం అనేదాన్ని నేనే. దాని వల్ల నాకు మంచి పేరు వచ్చింది. ఆ పేరు బావది.

ఇక్కడిదాకా అంతా చెప్పుకోవడానికి బాగుంది.

పోయినేడు ఆకులు రాలే రోజుల్లో ఆయన ఉద్యోగం తీసేశారు. ఆ విభాగం మొత్తాన్ని మూసేశారు. ఆ తర్వాత ఏమవుతుందో ఇక్కడ వీసా మీద బతికేవాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్లకి చెప్తాను. రెండు నెలల్లోపు ఇంకో కంపెనీ మన తరఫున వీసాకి పిటిషన్ వేయాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి. అక్క వీసా ఆయన వీసాకి తోకలాంటిది. వాళ్ల పాప ఇక్కడే పుట్టింది, హైస్కూల్లో ఉంది, దానిది ఇక్కడి పాస్‌పోర్ట్. బావ ఏమీ కంగారు పడలేదు. పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్లినట్టే తయారై బేస్‌మెంట్‌లోకి దిగి, అప్లికేషన్లు, ఇంటర్వ్యూలు, అదే పనిగా చేశాడు. దేనికి ఎలా జవాబు వచ్చిందో చూసి రెజ్యూమెలో కూడా ఒక్కోసారి ఒక్కటే మార్చేవాడు.

ఆ రోజుల్లోనే నా కంప్యూటర్ ఫ్యాన్ల దుమ్ము దులపడానికి మా అపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. నాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఎంతకీ రాకపోతే తలుపు తీసి చూశాను. మెట్ల మలుపులో రెయిలింగ్ పట్టుకుని, ఫోన్‌లో ఏదో చదువుతున్నట్టు నిలబడ్డాడు. ఫోన్ తెర వెలగడం లేదు. చలిలో నుదుటి మీద చెమట. ఏమైంది బావా అంటే, ఊపిరి తీసుకుంటున్న, గది కూడ తప్పేనా అన్నాడు.

ఆ సాయంత్రమే అక్కకి చెప్పాను. అక్క దగ్గర అంతకు ముందే ఇంకో రెండు సంగతులున్నాయి. మంచు ఎత్తుతూ మధ్యలో పార పడేసి గరాజ్ గడప మీద కూర్చుండిపోయాడట. ఇంకో రోజు ఎడమ భుజం నిమురుకుంటుంటే అడిగితే, సరిగా పడుకోలేదన్నాడట. ఇద్దరం కలిసి ఆయన్ని భోజనాల బల్ల దగ్గర పట్టుకున్నాం. డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, గుండె పరీక్ష చేయించుకోవాలి, రేపే.

ఆయన పెరుగన్నం కలుపుకుంటూ, ఆఫీస్‌లో టెస్ట్ ప్లాన్ చెప్పినట్టు చెప్పాడు. ఒక కంపెనీ నోటిమాటగా సరేనంది, చేరే తేదీ కూడా చెప్పింది. పాత కంపెనీ ఇన్సూరెన్స్ ఆగిపోయింది. సొంతంగా కట్టి పొడిగించుకునే దారి ఉంది గానీ అది ఇంకో తతంగం. ముందు ఆ ఉద్యోగం ఖాయం కావాలి. తర్వాత పిటిషన్. తర్వాత చేరడం. చేరిన మరుసటి నెల నుంచి కొత్త ఇన్సూరెన్స్. అప్పుడు డాక్టర్. నేను మధ్యలో అందుకుని, బావా నువ్వు మదర్‌బోర్డ్‌వి కాదు అన్నాను. నవ్వాడు.

"రెండు ఒక్కసారే ముట్టుకోవద్దు. పిటిషన్ నడుస్తున్నప్పుడు నేను ఆస్పత్రిల పడితే ఆ కంపెనీ ఆగుతదా? మీరిద్దరు ఏడుంటరు?"

"మీరు ఉంటేనే కదండీ, మేం ఎక్కడైనా ఉండేది" అంది అక్క.

ఆయన అన్నం తినడం ముగించాడు, కంచం కడిగి పెట్టాడు. తర్వాత వారం రోజులు అక్క ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఒక రోజు ఆయనే వచ్చి, "బుక్ చేసిన. ఇన్సూరెన్స్ మొదలైన వారంలనే స్కాన్. ఇంక ఊకో" అన్నాడట. ఎక్కడ, ఏ క్లినిక్ అని అక్క అడిగింది. చెప్తా అన్నాడు. అంతలో పాప స్కూల్ నుంచి వచ్చింది, ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఆ ఉద్యోగం ఖాయమైంది. గడువు ఇంకా కొంచెం మిగిలి ఉండగానే పిటిషన్ పడింది, అందినట్టు రిసీట్ కూడా వచ్చింది, చేరడానికి అది చాలు. అక్క సేమ్యా పాయసం చేసింది. బావ రెండోసారి వడ్డించుకున్నాడు. ఒకటి అయింది అన్నాడు నావైపు చూసి. నేను కూడా నవ్వాను, ఏం చేయను.

చేరిన రెండో వారంలోనే అక్క ఫోన్ వచ్చింది.

ఫ్యూనరల్ హోమ్‌లో కొత్త ఆఫీస్ వాళ్లు ముగ్గురు వచ్చి వెనక వరుసలో నిలబడ్డారు. వాళ్లకి ఆయన ఇంకా సరిగా తెలియదు పాపం. మేనేజర్ అక్క చేతులు పట్టుకుని, చేరిన మొదటి రోజే తమ పరీక్షలో రెండు మార్పులు కలిసిపోయి ఉన్నాయని పట్టుకున్నాడని మెచ్చుకున్నాడు. అక్క థాంక్యూ అంది. నేను బయటికి వెళ్లి చలిలో నిలబడ్డాను.

నాకు ఆ 'ఒక్కసారికి ఒక్కటే' అన్న మాట మీద కోపం. పద్ధతి తప్పని కాదు. యంత్రానికి అది సరైన పద్ధతే, ఎందుకంటే యంత్రాన్ని కట్టేసి పక్కన పెట్టొచ్చు. మెమొరీ సంగతి తేలేదాకా ప్రాసెసర్ ఆగుతుంది. ఉద్యోగం సంగతి తేలేదాకా గుండె ఆగి కూర్చోదు బావా. ఇది నీకు తెలియదా? ఒక్క ఎర్రర్ వస్తే మెట్టు దించినవాడివి, భుజం లాగుతుంటే పద్ధతి ప్రకారం ఇంకా దాని వంతు రాలేదని ఎలా అనుకున్నావు? చదివేవాళ్లలో కూడా ఇన్సూరెన్స్ మొదలవనీ, ఆ కాగితం రానీ అని ఛాతీ రుద్దుకుంటూ కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉండొచ్చు. నేను నీతులు చెప్పేదాన్ని కాదు. లేచి వెళ్లండి, అంతే.

అక్కకి మాత్రం ఒకటి తర్వాత ఒకటి అనే వీలు ఎవరూ ఇవ్వలేదు. భర్త పోయిన రోజునే ఆమె ఇక్కడ ఉండే హక్కు కూడా ఊగిసలాటలో పడింది. పాప స్కూల్ ఏడాది ముగిసేదాకా ఉండటానికి విజిటర్ వీసాకి మార్చుకోమని లాయర్ చెప్పాడు. ఇల్లు ఖాళీ చేయాలి, కారు అమ్మాలి, ఆయన బట్టలు తీయాలి. ఇన్ని పనుల మధ్య అక్కని తినేసింది మాత్రం ఇవేవీ కాదు. లాయర్ ఫోన్ పెట్టేశాక, బట్టలు మడతపెడుతూ మధ్యలో ఆగి, కూర తరుగుతూ తల ఎత్తి, ఒకటే అడిగేది.

"నిజంగానే బుక్ చేశారంటావా? నా నోరు మూయించడానికి అలా అన్నారంటావా?"

చేసే ఉంటాడని నేననేదాన్ని. నీకెలా తెలుసు అనేది. నాకు తెలియదు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన తనకి అబద్ధం చెప్పలేదని అక్క నమ్మకం. ఆ చివరి మాట అబద్ధమైతే వెనకటివన్నీ కూడా ఒక్కొక్కటే తీసి అనుమానించాలి కదే అని ఒకసారి అంది. ఆయన ఫోన్ పాస్‌కోడ్ మాకు తెలియదు. పాప కొన్ని అంకెలు కొట్టి చూసింది, ఇంకా తప్పు కొడితే అంతా చెరిగిపోతుందేమోనని భయపడి మానేసింది. చుట్టుపక్కల క్లినిక్‌లకి నేను ఫోన్ చేశాను. పేషెంట్ వివరాలు చెప్పం అన్నారు. అయినా అక్క రోజూ ఆ ఫోన్‌ని చార్జింగ్‌లో పెట్టేది.

పోయిన వారం నేను అక్కడ ఉండగా పాప మెట్ల మీద నుంచి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, నాన్న ఫోన్ రింగ్ అవుతుంది."

అక్క చేతులు తడిగా ఉన్నాయి. పాపే ఎత్తి స్పీకర్‌లో పెట్టింది. ఒకావిడ గొంతు, చాలా మర్యాదగా, గుండె క్లినిక్ నుంచి. మంగళవారం పొద్దున్న స్కాన్ ఉంది, వస్తున్నారా అని కనుక్కోవడానికి చేశాను అంది. నేను ఆయన పోయారని చెప్పబోయాను. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ అపాయింట్‌మెంట్ ఎప్పుడు తీసుకున్నారని ఇంగ్లిష్‌లో నెమ్మదిగా అడిగింది. ఆవిడ చూసి చెప్పింది. భోజనాల బల్ల దగ్గర గొడవ పడ్డామే, ఆ మర్నాడు. అక్క తనతో మాట్లాడని ఆ వారమంతా ఆయన పేరు అక్కడ రాసే ఉంది.

అక్క ఫోన్ దగ్గరికి వంగింది.

"యెస్. వి విల్ కమ్" అంది.

ఆవిడ థాంక్స్ చెప్పి పెట్టేసింది. పాప ఏడుపు మొదలుపెట్టింది. నేను అక్కని కోప్పడ్డాను. ఇదేం పని, వెళ్లి ఏం చేస్తావు, వాళ్లకి ఏం చెబుతావు అన్నాను. అక్క చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. ఆ మొహం నేను ఈ మధ్య చూసిన మొహం కాదు.

"అబద్ధం చెప్పలేదే. వెళ్తానన్నారు. వెళ్దాం" అంది.

మంగళవారం నేనే డ్రైవ్ చేశాను. పాపని స్కూల్లో దింపి వెళ్లాం. క్లినిక్‌లో మనిషితో మాట్లాడే పని కూడా పడలేదు. గుమ్మం పక్కన ఒక తెర ఉంది. అక్క అందులో బావ ఇంటిపేరు, పుట్టిన తేదీ కొట్టింది. బ్యాగ్‌లోంచి కొత్త ఇన్సూరెన్స్ కార్డు తీసింది. పోయిన తర్వాత పోస్ట్‌లో వచ్చింది అది, ఇంకా కవర్ అట్టకే అతుక్కుని ఉంది. ఊడదీసి, స్కాన్ చేసింది. మీరు వచ్చినట్టు నమోదైంది, దయచేసి కూర్చోండి అని తెర మీద వచ్చింది.

కిటికీ పక్కన కూర్చున్నాం. మా ఎదురుగా ఒక ముసలాయన టోపీ ఒళ్లో పెట్టుకుని టీవీ చూస్తున్నాడు. అక్క మా ఇద్దరి మధ్య ఒక కుర్చీ ఖాళీగా వదిలి కూర్చుంది. కోటు విప్పలేదు.

లోపలి తలుపు తెరుచుకుంది. నీలం బట్టల్లో ఒక నర్సు చేతిలో ట్యాబ్ పట్టుకుని గది అంతా ఒకసారి చూసి, బావ పేరు పిలిచింది. ఎవరూ కదలలేదు. ముసలాయన తల తిప్పి మా వైపు చూశాడు. నర్సు ఇంకోసారి, కొంచెం గట్టిగా పిలిచింది.

అక్క లేచి నిలబడింది.